విశ్వాసం గురించి అడిగితే జవాబు చెప్పడం ఎలా: సిద్ధపాటు నుంచి సంభాషణ దాకా

హాస్టల్లో రూమ్మేట్, ఆఫీసు క్యాంటీన్లో టీమ్‌మేట్, అమెరికాలో చదువుకుంటున్న మేనల్లుడు, ఒక్కోసారి సొంత కొడుకే. అడిగేవాళ్లు మారతారు గానీ ప్రశ్నలు దాదాపు అవే. దేవుడున్నాడని నీకెలా తెలుసు? బైబిల్ని మార్చేశారు కదా? అంత మంచి దేవుడైతే ఈ చావులేంటి? యూత్ మీటింగ్ అయిపోయాక పిల్లలు ఆగి మరీ అడిగేది కూడా ఇదే: "అన్నా, వాళ్లు అలా అడిగితే నేనేం చెప్పాలి?"

ఏం చెప్పాలన్నదాని కంటే ఏ వరసలో సిద్ధపడాలన్నది ముందు తెలియాలి. కింద ఉన్నది ఆ వరసే. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: మనం నిలబడగలిగినంతే చెప్పాలి. ఒక్క మాట ఎక్కువ చెప్పినా అది తిరిగి మన మీదికే వస్తుంది. మీకు ఈ వ్యాసంలో వాదనలతో పాటు "ఇది అనకండి" అన్న హెచ్చరికలు ఎక్కువ కనిపించడానికి కారణం అదే.

## 1. ముందు చెప్పకూడనివి తీసేయండి

సిద్ధపాటు పుస్తకాలతో కాదు, ఫోన్‌తో మొదలుపెట్టండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే క్రైస్తవ ఫార్వర్డ్‌లలో చాలావాటికి ఆధారం లేదు. కాస్త చదివిన హేతువాది ఎవరైనా అర నిమిషంలో వెతికి మీ ముందు పెడతాడు. ఆ తర్వాత మీరు పునరుత్థానం గురించి ఎంత బాగా చెప్పినా అతని చెవికెక్కదు. ఈ కిందివి మీ మాటల్లోంచి తీసేయండి.

నాసా, యెహోషువ రోజు. సూర్యుడు ఆగిన రోజుని నాసా కంప్యూటర్లు కనిపెట్టాయన్న కథ. నాసా అలాంటిదేదీ కనిపెట్టలేదు. కాలాన్ని వెనక్కి లెక్కేసి "ఒక రోజు తగ్గింది" అని తేల్చే పద్ధతే లేదు.

డార్విన్ మారుమనస్సు. 1915లో లేడీ హోప్ అనే ఆమె పేరుతో అచ్చయిన కథ ఇది. చివరి రోజుల్లో తండ్రి దగ్గరే ఉన్న కూతురు హెన్రియెటా ఇది అబద్ధమని 1922లో రాసింది. పైగా డార్విన్ మారినా మారకపోయినా పరిణామ సిద్ధాంతం నిలిచేది ఆధారాల మీదే. అసలు ఈ కథ నిజమైనా మనకి ఉపయోగం లేదు.

ప్రొఫెసర్ నోరు మూయించిన ఐన్‌స్టీన్. చలి లేదు, వేడి లేకపోవడమే చలి అంటూ సాగే కథ. కల్పితం. మనుషుల జీవితాల్లో కలగజేసుకునే దేవుణ్ణి తాను నమ్మనని ఐన్‌స్టీన్ స్పష్టంగా చెప్పాడు.

ఎర్రసముద్రంలో రథచక్రాలు. ఫోటోలు తిరుగుతూనే ఉంటాయి. ఏ పురావస్తు బృందమూ వాటిని తీసి పరీక్షించి నిర్ధారించలేదు.

"బైబిల్ ప్రతుల్లో ఒక్క అక్షరం తేడా లేదు." ఉంది. చాలా ఉంది. దీని సంగతి ఐదో అంచెలో చూద్దాం.

కొత్తగా ఏదైనా వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది మొదట ఎవరు, ఎప్పుడు చెప్పారు? మన విశ్వాసం లేని పండితుడు ఎవరైనా దీన్ని ఒప్పుకుంటున్నాడా? ఇది అబద్ధమని తేలితే నా మిగతా మాటకి విలువ ఉంటుందా? మూడిట్లో ఏ ఒక్కదానికి మనసు తడబడినా ఫార్వర్డ్ చేయకండి.

మరి పాస్టర్ గారే వేదిక మీద నాసా కథ చెబితే? సభలో లేచి దిద్దకండి. ఆరాధన అయ్యాక పక్కకి వెళ్లి, "అయ్యగారూ, దీని మీద కాస్త వెతికాను, ఒకసారి చూస్తారా" అని ఫోన్లో చూపించండి. చాలామంది వింటారు. వినకపోయినా మీరు దాన్ని మళ్లీ చెప్పరు, అది చాలు.

## 2. దేన్ని సమర్థించాలో తేల్చుకోండి

ప్రతిదాన్నీ సమర్థించబోతే దేన్నీ సమర్థించలేం. ఒక కాగితం మీద రెండు వరసలు గీయండి.

మొదటి వరసలో, ఇవి అబద్ధమైతే క్రైస్తవ విశ్వాసమే ఉండదు అనుకునేవి రాయండి. దేవుడున్నాడు, యేసు చరిత్రలో జీవించాడు, సిలువ మీద చనిపోయాడు, తిరిగి లేచాడు. క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థం అని పౌలే 1 కొరింథీయులకు 15లో రాశాడు.

రెండో వరసలో, విశ్వాసుల్లోనే భిన్నాభిప్రాయాలున్నవి రాయండి. భూమి వయసెంత, ఆదికాండంలో రోజు అంటే 24 గంటలేనా, ప్రకటన గ్రంథంలోని వెయ్యేళ్లు ఎప్పుడు, భాషల్లో మాట్లాడడం నేటికీ ఉందా. వీటి మీద మీకు గట్టి అభిప్రాయం ఉండొచ్చు. కానీ బయటి మనిషితో మాట్లాడేటప్పుడు "దీని మీద మాలోనే రెండు మూడు అభిప్రాయాలున్నాయి, నాది ఇది" అని చెప్పి మొదటి వరసకి తిరిగి రండి. మన యువత ఓడిపోయే సంభాషణల్లో ఎక్కువ భాగం రెండో వరసలోనే జరుగుతాయి.

## 3. జవాబుకి ముందు ప్రశ్న అడగండి

"దేవుడు లేడు" అన్న మాట నలుగురి నోట నాలుగు రకాలుగా వస్తుంది.

- తెలుసుకోవాలనుకునేవాడు: నిజంగా ఆధారాలేంటో చూడాలనుకుంటాడు. ఇతనికి సమాచారం కావాలి.
- దెబ్బతిన్నవాడు: తల్లికి క్యాన్సర్, ప్రార్థనలు చేయించారు, చనిపోయింది. వాదన రూపంలో వస్తుంది గానీ అది ఏడుపు.
- సంఘం మీద కోపమున్నవాడు: పాస్టర్ డబ్బు వ్యవహారమో, పెళ్లి దగ్గర కులమో చూసి బయటికి వెళ్లాడు.
- ఆట ఆడేవాడు: పక్కవాళ్లు నవ్వడం కోసం అడుగుతాడు.

నలుగురికీ ఒకే జవాబు చెబితే ముగ్గురి విషయంలో తప్పు చేసినట్టే. తేడా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న సరిపోతుంది.

"నువ్వు అలా అనుకోవడం ఎప్పట్నుంచి మొదలైంది?"

ఈ ప్రశ్న అడిగి ఆగండి. మధ్యలో అందుకోకండి. రూమ్మేట్ "ఎప్పట్నుంచో రా, సైన్స్ చదివితే ఎవడికైనా తెలుస్తుంది" అంటే అది మొదటి రకం. "మా నాన్న పోయినప్పట్నుంచి" అంటే ఇక మీ నోట్సు మూసేయండి. ఆట ఆడేవాడు ఈ ప్రశ్నకి సరిగ్గా జవాబివ్వడు. అతనితో నవ్వి, "నిజంగా మాట్లాడాలనుకున్నప్పుడు చెప్పు, టీ తాగుతూ కూర్చుందాం" అని వదిలేయండి.

మన రాష్ట్రాల్లో హేతువాదానికి లోతైన వేళ్లున్నాయని కూడా గుర్తుంచుకోండి. త్రిపురనేని రామస్వామి, 1940లో నాస్తిక కేంద్రం మొదలుపెట్టిన గోరా చదువుకున్నవాళ్లు, ఆలోచించి ఆ దారి ఎంచుకున్నవాళ్లు. అంటరానితనానికి వ్యతిరేకంగా గోరా కుటుంబం చేసిన పని చాలా సంఘాలు చేయలేదు. మీ ముందున్న మనిషి ఆ వారసత్వంలోంచి మాట్లాడుతుంటే, ముందు దాన్ని గౌరవంగా ఒప్పుకోండి.

## 4. ఒక్క వాదనని పూర్తిగా నేర్చుకోండి

పది వాదనలు పైపైన తెలిసినవాడి కంటే ఒకటి లోతుగా తెలిసినవాడే నిలబడతాడు. నేను పునరుత్థానాన్నే ఎంచుకోమంటాను, మొత్తం విశ్వాసం దాని మీదే ఉంది కాబట్టి. ఈ వరసలో నేర్చుకోండి.

4.1 యేసు అనే మనిషి ఉన్నాడు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ సుమారు క్రీ.శ. 116లో, క్రీ.శ. 64లో రోమ్ తగలబడిన సంగతి రాస్తూ, తిబెరి చక్రవర్తి కాలంలో పొంతి పిలాతు క్రీస్తుకి మరణశిక్ష వేయించాడని చెప్పాడు. టాసిటస్‌కి క్రైస్తవులంటే అసహ్యం, కాబట్టి మన పక్షం వహించాడనలేరు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ 93 ప్రాంతంలో "క్రీస్తు అనబడే యేసు సహోదరుడు యాకోబు" చంపబడ్డాడని రాశాడు.

ఇక్కడ జాగ్రత్త. జోసీఫస్‌లోనే ఇంకో పెద్ద పేరా ఉంది, అందులో యేసే క్రీస్తు అని, మూడో రోజున లేచాడని ఉంటుంది. దాంట్లో కొంత భాగం తర్వాతి క్రైస్తవ లేఖకులు చేర్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆ పేరాని వాడకండి. యాకోబు గురించిన చిన్న వాక్యం చాలు.

4.2 సాక్ష్యం ఎంత తొందరగా మొదలైంది? సిలువ 30లో గానీ 33లో గానీ జరిగింది. పౌలు కొరింథుకి మొదటి పత్రిక రాసింది 55 ప్రాంతంలో. అంటే పాతికేళ్ల లోపు. అందులో 15వ అధ్యాయం 3 నుంచి చదవండి: తాను ముందే పొందినదాన్ని మీకు అప్పగించానంటూ కేఫా (అంటే పేతురు), పన్నెండుగురు, ఐదువందలకు పైగా సహోదరులు, యాకోబు అని వరసగా చెబుతాడు. పత్రిక కంటే ఆ మాటలు పాతవి. గలతీయులకు 1:18-19లో పౌలు యెరూషలేము వెళ్లి పేతురుతో 15 రోజులున్నానని, యాకోబుని చూశానని రాశాడు. చూశామన్నవాళ్లతో నేరుగా మాట్లాడిన మనిషి రాత ఇది. తరాలు గడిచాక అల్లిన పురాణం అనే మాట దీని ముందు నిలవడం కష్టం.

4.3 మారిన ఇద్దరు. పౌలు సంఘాన్ని హింసించినవాడు. యేసు తమ్ముడు యాకోబు, తన అన్న బతికుండగా ఆయన్ని నమ్మలేదు. సహోదరులు ఆయనలో విశ్వాసముంచలేదని యోహాను 7:5 చెబుతుంది. అలాంటి యాకోబు యెరూషలేము సంఘానికి పెద్దయి, జోసీఫస్ లెక్క ప్రకారం 62లో చంపబడ్డాడు. సొంత తమ్ముడు అన్నని ప్రభువు అని పిలవడానికి ఏం చూసుండాలి? ఈ ప్రశ్న అడిగి వదిలేయండి.

4.4 చనిపోవడానికి సిద్ధపడ్డారు అన్న వాదన. ఇది వాడేటప్పుడు రెండు హద్దులున్నాయి. పన్నెండుగురూ హతసాక్షులే అనకండి. జెబెదయి కుమారుడు యాకోబు, పేతురు, పౌలు, ప్రభువు సహోదరుడు యాకోబు విషయంలో ఆధారాలు గట్టివి. మిగతావాళ్లలో చాలామంది గురించి ఉన్నవి తర్వాతి కాలపు సంప్రదాయాలు. రెండోది, చావడానికి సిద్ధపడ్డారంటే నిజాయితీగా నమ్మారని తేలుతుంది, నమ్మింది నిజమని తేలదు. వేరే మతాల కోసం, పార్టీల కోసం కూడా మనుషులు ప్రాణాలిచ్చారు. తేడా ఒక్కటే: వీళ్లు విన్నదాని కోసం కాదు, కళ్లతో చూశామన్నదాని కోసం సిద్ధపడ్డారు. అది చెప్పి ఆగండి.

4.5 ఎదురుప్రశ్నలు. "భ్రమ పడ్డారు" అంటే: ఆప్తులు పోయినప్పుడు మనిషికి అలాంటి అనుభవాలు కలగడం నిజమే, ఒప్పుకోండి. అయితే అది శత్రువైన పౌలుకి, గుంపులకి ఎలా వర్తిస్తుందో అడగండి. "శవాన్ని దొంగిలించారు" అంటే: అది శిష్యులు తెలిసి మోసం చేశారనడం, ఈ రోజుల్లో నాస్తిక పండితులు కూడా ఆ మాట దాదాపుగా అనరు. "సువార్తల్లో తేడాలున్నాయి, సమాధి దగ్గరికి ఎంతమంది స్త్రీలు వెళ్లారో కూడా కుదరదు" అంటే: అవును, తేడాలున్నాయి. స్త్రీలే ముందు చూశారన్నది మాత్రం నాలుగు సువార్తల్లోనూ ఉంది. స్త్రీల సాక్ష్యానికి విలువ తక్కువున్న కాలంలో కథ అల్లేవాడు అలా అల్లడు.

4.6 మీ హద్దు చెప్పండి. బార్ట్ అర్మాన్ అనే అమెరికా పండితుడు విశ్వాసి కాడు. యేసు చారిత్రక వ్యక్తి అనీ, శిష్యుల్లో కొందరు ఆయన్ని చూశామని నిజంగా నమ్మారనీ ఆయన ఒప్పుకుంటాడు. ఖాళీ సమాధిని ఒప్పుకోడు. కాబట్టి "పండితులందరూ పునరుత్థానాన్ని ఒప్పుకున్నారు" అనకండి. చరిత్ర మనల్ని ఒక చోటిదాకా తీసుకొస్తుంది, అక్కడి నుంచి వేసే అడుగు విశ్వాసం. ఆ మాట మీ అంతట మీరే చెబితే ఎదుటివాడు మిమ్మల్ని నమ్మడం మొదలుపెడతాడు.

## 5. తప్పక ఎదురయ్యే ప్రశ్నలు

### 5.1 "బైబిల్ని మార్చేశారు"

ముందు ఎవరు, ఎప్పుడు మార్చారంటున్నారో అడగండి. సాధారణంగా వచ్చే జవాబు: "రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్, నైసియా సభలో." 325లో నైసియా సభ చర్చించింది యేసు తండ్రితో సమానుడు కాడన్న అరియస్ బోధ గురించి, ఏ పుస్తకాలు బైబిల్లో ఉండాలన్నది అక్కడ తేల్చలేదు. ఇప్పుడున్న 27 పుస్తకాల పట్టిక అచ్చంగా కనిపించేది 367లో అథనేషియస్ రాసిన ఉత్తరంలో. అంతకు చాలా ముందు నుంచే నాలుగు సువార్తలూ, పౌలు పత్రికలూ సంఘాల్లో చదువుతున్నారు.

చేతిరాత ప్రతుల విషయానికొస్తే, కొత్త నిబంధన గ్రీకు ప్రతులు 5,000కు పైగా నమోదయ్యాయి. వాటి మధ్య తేడాలు లక్షల్లో ఉన్నాయి, ఎక్కువ భాగం అక్షర దోషాలు, పదాల వరస మార్పులు. ప్రతులు ఎక్కువ కాబట్టే తేడాలూ ఎక్కువ, వాటిని పోల్చి మూలాన్ని పట్టుకునే వీలూ ఎక్కువ. అయితే ఈ అంకె చెప్పి "కాబట్టి బైబిల్ నిజం" అనకండి. రాసింది మన దాకా బాగా చేరిందని మాత్రమే అది చూపిస్తుంది.

రెండు పెద్ద చోట్లు మీకు ముందే తెలిసి ఉండాలి: మార్కు 16:9-20, యోహాను 7:53 నుంచి 8:11. మనకి దొరికిన అతి పాత ప్రతుల్లో ఇవి లేవు.

ఇది తెలియకపోతే మన దగ్గర తరచూ వినిపించే ఒక సవాలు ముందు చిక్కుకుపోతారు. "విషం తాగినా ఏమీ కాదని మీ బైబిల్లో ఉంది కదా, తాగి చూపించు." ఆ మాట మార్కు 16:18లోది, అంటే పైన చెప్పిన భాగంలోదే. ఆ సంగతి చెప్పండి. దాంతో పాటు దేవాలయం మీద నుంచి దూకమన్నప్పుడు యేసు దూకలేదని, దేవుణ్ణి శోధించకూడదన్నాడని మత్తయి 4:7 చూపించండి. ఆవేశపడి సవాలు స్వీకరించకండి. ఇది నవ్వుకి చెప్పడం లేదు.

### 5.2 "సైన్స్ వచ్చాక దేవుడెందుకు?"

బిగ్ బ్యాంగ్ ఆలోచనని ముందుకు తెచ్చిన జార్జ్ లమేత్ర్ బెల్జియం క్యాథలిక్ ఫాదర్. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ మఠంలో సన్యాసి. ఈ పేర్లతో "విశ్వాసి శాస్త్రవేత్త కాగలడు" అని మాత్రమే చెప్పొచ్చు, "కాబట్టి దేవుడున్నాడు" అనలేం. 1951లో పోప్ బిగ్ బ్యాంగ్‌ని సృష్టికి రుజువుగా చూపించబోతే లమేత్రే ఇబ్బంది పడ్డాడు. శాస్త్రం ఇంకా చెప్పలేని చోట దేవుణ్ణి పెడితే, రేపు శాస్త్రం చెప్పిన రోజున దేవుణ్ణి అక్కడి నుంచి తీసేయాల్సి వస్తుంది.

అసలు ప్రశ్నకి రండి: ఏదీ లేకుండా ఉండే బదులు ఈ విశ్వం ఎందుకుంది? దానికి మన లెక్కలకి అందే నియమాలెందుకున్నాయి? ఇవి ప్రయోగశాల తేల్చే ప్రశ్నలు కావు. గెలీలియో సంగతి వస్తే దాటవేయకండి. 1633లో సంఘం అతన్ని శిక్షించింది, అది తప్పు.

### 5.3 "ఇంత బాధ ఎందుకు?"

మిగతా అన్నిటి కంటే ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి.

ఇది రెండు ప్రశ్నలు. ఒకటి పుస్తకంలోది: సర్వశక్తిమంతుడు, మంచివాడు అయిన దేవుడూ, చెడూ కలిసి ఉండలేవని 1955లో మ్యాకీ అనే తత్వవేత్త వాదించాడు. స్వేచ్ఛ ఉన్న మనుషుల్ని సృష్టించాలంటే వాళ్లు చెడు ఎంచుకునే వీలు కూడా ఉంటుంది కాబట్టి ఆ రెంటి మధ్యా తార్కిక వైరుధ్యం లేదని ప్లాంటింగా అనే క్రైస్తవ తత్వవేత్త జవాబిచ్చాడు. మనుషులు చేసే చెడుకి ఇది బాగానే సరిపోతుంది. 1977 నవంబరు 19న దివిసీమని ముంచిన ఉప్పెనకి అంత తేలిగ్గా సరిపోదు. ఆ రాత్రి కొట్టుకుపోయిన పసిపిల్లల విషయంలో ఎవరి స్వేచ్ఛ గురించి మాట్లాడతాం? "దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు" అనడమే నిజాయితీ. దాని పక్కన మనం పెట్టగలిగింది ఒకటుంది: మన దేవుడు బాధని దూరం నుంచి చూసినవాడు కాదు, సిలువ మీద దాన్ని భరించినవాడు. ఇది వివరణ కాదు. వివరణలా చెప్పకండి.

రెండోది ఆసుపత్రి వరండాలోది. అక్కడ వాదన అక్కర్లేదు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. వాళ్లు చేసిన సరైన పని అదే. నోరు తెరిచాకే పాడుచేశారు, చివర్లో దేవుడే వాళ్లని తప్పుపట్టాడు.

అక్కడ అనకూడని మాటలు:

- "దేవుడికి ఇష్టమైనవాళ్లని తొందరగా తీసుకెళ్లిపోతాడు."
- "ప్రార్థనలో ఏదో లోటుండి ఉంటుంది."
- "ఇంట్లో ఏదైనా పాపం ఉందేమో చూసుకోండి."

మూడో మాటని యేసే రెండుసార్లు తోసిపుచ్చాడు: యోహాను 9:3లో పుట్టు గుడ్డివాడి దగ్గర, లూకా 13:4లో సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది సంగతిలో. అయినా మన సంఘాల్లో అది ఎందుకు ఆగడం లేదో నాకు అర్థం కాదు.

అనగలిగినవి చాలా తక్కువ. "నాకూ తెలీదు అమ్మా. నేనిక్కడే ఉంటాను." తర్వాత భోజనం తెచ్చిపెట్టండి, ఆసుపత్రి కాగితాల పని చూడండి.

### 5.4 "విదేశీ మతం, బియ్యం కోసం మారారు"

మొదటి దానికి చిన్న జవాబు. కేరళలో క్రైస్తవులున్నారని ఆరో శతాబ్దపు యాత్రికుడు కాస్మాస్ రాశాడు; కొల్లంలోని సంఘానికి ఇచ్చిన తామ్ర శాసనం 849 నాటిది. యూరప్ ఓడలు రావడానికి ఎన్నో వందల ఏళ్ల ముందు సంగతి.

రెండో దానికి మన నేల మీది ఉదాహరణే తీసుకోండి. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చాడు. ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. సహాయ పనులు ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ప్రతి ఒక్కరి మనసులో ఏముందో మనం చెప్పలేం. కానీ ఊరి చివర నిలబెట్టిన మనుషులు మర్యాద దొరికే చోటికి వచ్చారంటే అందులో సిగ్గుపడాల్సింది వాళ్లు కాదు.

### 5.5 "మీ సంఘంలో మాత్రం?"

కులం చూసి పెళ్లిళ్లు, స్మశానాల దగ్గర గొడవలు, లెక్క చెప్పని కానుకలు, స్వస్థత పేరుతో మందులు మాన్పించడం. గోవాలో 1560లో మొదలైన ఇంక్విజిషన్ (క్యాథలిక్ సంఘం నడిపిన మత విచారణలు, శిక్షలు) కూడా ఈ లెక్కలోకే వస్తుంది. "అన్ని మతాల్లోనూ ఉంది" అనడం జవాబు కాదు, ఆ మాటతో సంభాషణ ముగిసిపోతుంది. "నిజమే, తప్పు. యేసు చెప్పినదానికి ఇది వ్యతిరేకం" అనండి. తర్వాత మీ సంఘంలో మీరేం చేస్తున్నారో చెప్పండి. చెప్పడానికి ఏమీ లేకపోతే అక్కడి నుంచి మొదలుపెట్టండి. సంవత్సరాంతపు లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టమని కమిటీని అడగడం మంచి ఆరంభం.

## 6. కూర్చుని మాట్లాడేటప్పుడు పాటించే వరస

1. వాళ్ల మాటని మీ మాటల్లో తిరిగి చెప్పండి. "అంటే నీ అభ్యంతరం ఇదీ, అవునా?" వాళ్లు అవునన్నాకే ముందుకు వెళ్లండి.
2. అందులో సరైనది ఉంటే ముందు ఒప్పుకోండి.
3. ఒకేసారి ఒక్క ప్రశ్న. ఐదు ఒకేసారి విసిరితే, "వీటిలో నీకు ముఖ్యమైనది ఏది?" అని అడగండి.
4. రెండు మూడు నిమిషాలకి మించి ఏకబిగిన మాట్లాడకండి.
5. తెలియకపోతే "తెలీదు, చూసి చెబుతాను" అనండి. చూసి, నిజంగా చెప్పండి. ఈ రెండో సగం చాలామంది మర్చిపోతారు.
6. బైబిల్ని నమ్మనివాడికి వాక్యం చూపించి "రాసుంది కదా" అనకండి. అతని దృష్టిలో అదింకా తేలాల్సిన విషయం.
7. గొంతు పెరుగుతున్నట్టు అనిపిస్తే మాట మార్చండి, లేదా లేవండి.

1 పేతురు 3:15ని మనం పోస్టర్ల మీద వేసుకుంటాం. సిద్ధంగా ఉండమన్న ఆ వాక్యమే సాత్వికంతో చెప్పమంటుంది, ఆ భాగాన్ని మాత్రం వదిలేస్తుంటాం.

ఆన్‌లైన్లో ఇంకో రెండు జాగ్రత్తలు. కామెంట్లలో రెండు జవాబులకి మించి వెళ్లకండి. అవసరమైతే ఫోన్ చేయండి. ఇతరుల దేవుళ్లని, ఆచారాలని ఎప్పుడూ ఎగతాళి చేయకండి. అది సువార్తకే విరుద్ధం, పైగా మత భావాలని కావాలని గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద కేసవుతుంది.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

రుజువు భారమంతా ఎదుటివాడి మీద వేయడం. "దేవుడు లేడని నువ్వు రుజువు చెయ్" అంటే మాట తెగిపోతుంది. ఉన్నాడంటున్నది మనం కాబట్టి, మన కారణాలు మనమే ముందు చెప్పాలి.

సాక్ష్యాన్ని వాదనగా వాడడం. "నాకు జ్వరం తగ్గింది" అంటే అతను "మాత్ర వేసుకున్నావుగా" అంటాడు. మీ సాక్ష్యం చెప్పండి, కానీ "ఇది నా అనుభవం, నీకు రుజువు అనడం లేదు" అని కలపండి. అప్పుడు వింటాడు.

చిక్కుని బలవంతంగా విప్పడం. యేసు పుట్టింది హేరోదు కాలంలో అంటారు, లూకా 2 మాత్రం ఆ పుట్టుకని కురేనియ జనాభా లెక్కతో కలుపుతుంది; ఆ లెక్క క్రీ.శ. 6లో జరిగినట్టు తెలుస్తోంది, హేరోదు అంతకు ముందే క్రీ.పూ. 4లో చనిపోయాడు. దీనికి పరిష్కారాలు సూచించినవాళ్లున్నారు, ఏదీ అందరినీ ఒప్పించలేదు. "ఇది నిజంగా చిక్కే" అనడంలో నష్టం లేదు; పునరుత్థానం దీని మీద ఆధారపడి లేదు.

ఒక్క రోజులో ముగించాలనుకోవడం. ఎవరూ టీ కప్పు ఖాళీ అయ్యేలోగా మతం మార్చుకోరు, నాస్తికత్వమూ వదిలేయరు.

## 8. అడిగింది ఇంట్లో పిల్లలైతే

"అమ్మా, ఇదంతా నిజమేనా?" అని పదో తరగతి అబ్బాయి అడిగితే, చాలా ఇళ్లలో వచ్చే మొదటి జవాబు "అలా అనకూడదు, పాపం." పిల్లవాడు ఆ తర్వాత అడగడు. యూట్యూబ్‌ని అడుగుతాడు.

టెన్షన్ పడకండి. అడిగాడంటే ఇంకా మిమ్మల్ని నమ్ముతున్నాడు. "మంచి ప్రశ్న, నీకెందుకొచ్చింది?" అనండి. జవాబు తెలియకపోతే కలిసి వెతకండి. ఆదివారం మందిరానికి రానంటే కొన్నాళ్లు బతిమాలొచ్చు, గానీ "తాతయ్య గారి పరువు తీస్తావా" అని మాత్రం లాగకండి. తోమా ఎనిమిది రోజులు నమ్మకుండానే శిష్యులతో ఉన్నాడు, ఎవరూ అతన్ని గదిలోంచి పంపేయలేదు.

సండే స్కూల్ టీచర్లు నెలలో ఒక వారం ప్రశ్నల పెట్టె పెట్టొచ్చు. పేర్లు రాయనవసరం లేకుండా చీటీలు వేయించండి. ఆ చీటీలు చదివిన పెద్దలకి పిల్లల మనసులో ఏముందో మొదటిసారి తెలుస్తుంది.

## 9. చెక్‌లిస్ట్

మొదలుపెట్టే ముందు:

- [ ] ఫోన్లోని అనుమానాస్పద ఫార్వర్డ్‌లు తీసేశాను
- [ ] రెండు వరసల కాగితం రాసుకున్నాను
- [ ] 1 కొరింథీయులకు 15, గలతీయులకు 1 పూర్తిగా చదివాను
- [ ] పునరుత్థాన వాదనని ఐదు నిమిషాల్లో, కాగితం చూడకుండా, ఒక స్నేహితుడికి చెప్పి చూశాను
- [ ] ఎదుటి పక్షం రచయిత పుస్తకం ఒకటైనా స్వయంగా చదివాను, దాని మీద వచ్చిన విమర్శ మాత్రమే కాదు

సంభాషణ అయ్యాక:

- [ ] వాళ్లు అసలు అడిగిందేమిటో ఒక వాక్యంలో రాసుకున్నాను
- [ ] నేను ఎక్కువ చేసి చెప్పిన మాట ఏదైనా ఉంటే సరిదిద్దుతూ మెసేజ్ పెట్టాను
- [ ] "చూసి చెబుతాను" అన్నదానికి తేదీ పెట్టుకున్నాను
- [ ] వాళ్ల ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని చెప్పి ఉంటే, ఈ వారంలో ఫోన్ చేసి ఎలా ఉన్నారో అడుగుతాను. ఆ ఫోన్లో మతం మాట ఎత్తను